కొండ నుండి ఇంటికి: క్షయ చికిత్సాలయాల చరిత్ర

వ్యాధికి పెట్టిన పేరులోనే దాని స్వభావం తెలియడం మన భాషలలోని ఒక విశేషం. క్షయం అంటే తరుగుదల. మనిషి నానాటికీ తరిగిపోయే రోగం కనుక దీనికి క్షయ అని పేరు వచ్చింది. దీనికే రాజయక్ష్మ అని మరొక పేరు. ఇరువదియేడుగురు భార్యలలో రోహిణి నొక్కతెనే ఆదరించినందుకు చంద్రుడు మామగారైన దక్షుని శాపానికి గురియై ఈ రోగం పాలయ్యాడని కథ. చరకసంహితలో రాజయక్ష్మ చికిత్సాధ్యాయం ఈ కథతోనే ఆరంభమవుతుంది. మన ఇళ్ళలో ఉర్దూ మాట్లాడే పెద్దలు దీనిని తపేదిఖ్ అంటారు. తప్ అంటే జ్వరం. దిఖ్ అంటే చిక్కిపోవడం. లోలోపల కాచే జ్వరం, రోజురోజుకూ కృశించే శరీరం, ఈ రెండు లక్షణాలూ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి. యునానీ వైద్యానికి మూలస్తంభాలలో ఒకడైన ఇబ్న్ సీనా (980–1037) తన ‘అల్ ఖానూన్’ గ్రంథంలో దీనిని ఒకరినుండి మరొకరికి సోకే రోగాల కోవలో చేర్చాడు. సూక్ష్మదర్శిని లేని కాలంలో, రోగి మంచం పక్కన కూర్చుని చూసిన చూపుతోనే ఆయన ఈ నిర్ణయానికి వచ్చాడన్నది గమనించదగిన విషయం.

చంద్రునికి క్షయం తరువాత వృద్ధి ఉంది. శాపానికి ఉపశమనం దొరికింది. మనిషికి మాత్రం 19వ శతాబ్ది నడిమి వరకూ అట్టి ఉపశమనం ఏదీ కనిపించలేదు. అప్పుడు ఐరోపాలో ఒక కొత్త ఆశ పుట్టింది. దాని పేరు శానిటోరియం. ఇంచుమించు నూరు సంవత్సరాలపాటు ప్రపంచమంతటా క్షయరోగికి అదే గమ్యస్థానంగా నిలిచి, ఆ పైన పది పదిహేను సంవత్సరాలలోనే అది కనుమరుగైపోయింది. ఆ సంస్థ ఎట్లా పుట్టింది, ఎందుకు పెరిగింది, ఎవరి చేతిలో ముగిసింది, పోతూ పోతూ మనకు ఏమి విడిచిపోయింది అన్న నాలుగు ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఈ కథలో చివరి ఘట్టం మన దక్షిణ భారతదేశంలోనే జరిగింది కనుక ఇది మనకు పరాయి చరిత్ర కాదు.

పుట్టుక

1840లో జార్జ్ బోడింగ్టన్ అనే ఆంగ్ల వైద్యుడు క్షయరోగులను మూసిన గదులలో బంధించడం తగదనీ, వారికి చల్లని స్వచ్ఛమైన గాలి, మంచి ఆహారం ఇవ్వాలనీ ఒక చిన్న పుస్తకం రాశాడు. తోటి వైద్యులు ఆయన మాటను చెవిన పెట్టలేదు. ఆ మాటను ఆచరణలో పెట్టి నిలబెట్టినవాడు జర్మన్ వైద్యుడు హెర్మన్ బ్రేమర్. క్షయ నయమయ్యే వ్యాధి అని 1854లో తన వైద్యపట్ట పరిశోధన వ్యాసంలో ప్రతిపాదించి, సైలీషియా కొండలలోని గోర్బెర్స్‌డోర్ఫ్ గ్రామంలో ఆయన రోగులకు చికిత్స ప్రారంభించాడు. ఆ గ్రామం నేడు పోలండ్ దేశంలో సొకొలొవ్‌స్కో అనే పేరుతో ఉంది. లోకంలోని శానిటోరియంలన్నిటికీ అదే తొలి మెట్టు.

బ్రేమర్ సిద్ధాంతం ఏమిటి? క్షయరోగుల గుండె వారి ఊపిరితిత్తులతో పోలిస్తే చిన్నదిగా ఉంటుందనీ, ఎత్తైన ప్రదేశంలో గాలి ఒత్తిడి తక్కువ కనుక అక్కడ గుండె చురుకుగా పనిచేసి రోగం పోతుందనీ, అసలు పర్వతవాసులకు క్షయ రాదనీ ఆయన నమ్మిక. ఇందులో ఒక్క మాటా నిలవలేదు. అయినా సిద్ధాంతం తప్పైన చోట ఆచరణ కొంతవరకు ఒప్పయింది. పుష్టికరమైన ఆహారం, క్రమబద్ధమైన నడక, వైద్యుని నిత్య పర్యవేక్షణ, వీటివల్ల కొందరు కోలుకున్నారు. ఆ కొందరిలో పీటర్ డెట్‌వైలర్ ఒకడు. రోగిగా వచ్చి, బ్రేమర్‌కు సహాయకుడై, 1876లో టౌనస్ కొండలలో ఫాల్కెన్‌స్టైన్ వద్ద ఆయన సొంతంగా శానిటోరియం నడిపాడు. గురువు నడవమన్నాడు, శిష్యుడు పడుకోమన్నాడు. ఆరుబయలు వసారాలో వాలుకుర్చీలపై, చలికాలంలోనైనా కంబళ్ళు కప్పుకొని, గంటల తరబడి కదలక మెదలక పడుకొనడమే డెట్‌వైలర్ పద్ధతి. తరువాతి కాలంలో శానిటోరియం అనగానే మనసులో మెదిలే దృశ్యం, వరుసగా వేసిన కుర్చీలు, వాటిలో మౌనంగా ఆకాశాన్ని చూస్తూ ఉన్న మనుషులు, ఇదే.

స్విట్జర్లాండులోని దావోస్ లోయకు 1860వ దశకంలో అలెగ్జాండర్ స్పెంగ్లర్ అనే వైద్యుడి ద్వారా ప్రఖ్యాతి వచ్చింది. ధనవంతులు దేశదేశాలనుండి అక్కడికి తరలివచ్చారు. 1912లో భార్యను చూడడానికి దావోస్ వెళ్ళిన థామస్ మాన్ ఆ అనుభవం నుండే ‘మాయా పర్వతం’ అనే నవలను అల్లి 1924లో ప్రకటించాడు. అమెరికాలో ఎడ్వర్డ్ ట్రూడో అనే యువ వైద్యుడు తానే క్షయగ్రస్తుడై, చావు ఎట్లాగూ తప్పదు గదా, ఇష్టమైన అడవిలోనే చనిపోదామని అడిరోండాక్ కొండలకు వెళ్ళి, అక్కడ కోలుకుని, సారానాక్ సరస్సు తీరాన శానిటోరియం స్థాపించాడు. 1885లో అక్కడ కట్టిన మొదటి కుటీరం రెండు మంచాలు పట్టే చిన్న గది. తరువాత అది ఒక ఊరంత సంస్థ అయింది. రోగులైనవారే వైద్యులై శానిటోరియంలు నడపడం ఈ చరిత్ర పొడుగునా కనిపిస్తుంది.

పెరుగుదల

1882 మార్చి 24న బెర్లిన్ నగరంలో రాబర్ట్ కాక్ క్షయకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్లు ప్రకటించాడు. ఆనాడు మరణించే ప్రతి ఏడుగురిలో ఒకరు ఈ రోగంతోనే పోతున్నారని ఆయన ఆ సభలో చెప్పాడు. క్షయ వంశపారంపర్యమనీ, సున్నిత హృదయుల రోగమనీ అంతవరకూ ఉన్న భావాలకు ఆ ప్రకటన స్వస్తి చెప్పింది. అయితే ఇందులో ఒక విచిత్రం ఉంది. శత్రువు ఎవరో తెలిసింది గాని, శత్రువును చంపే ఆయుధం మాత్రం దొరకలేదు. 1890లో కాక్ మహాశయుడే తన ట్యుబర్కులిన్ మందుతో క్షయ నయమవుతుందని ఆశ కల్పించగా, ప్రపంచం బెర్లినుకు పరుగెత్తి, నిరాశతో తిరిగివచ్చింది. ఆ మందు నేటికీ సోకిన జాడను కనిపెట్టే పరీక్షగా మాత్రమే మిగిలింది.

ఆయుధం లేనప్పుడు కోట కట్టుకోవడం సహజం. రోగం అంటుకుంటుందని తేలిపోయింది కనుక, శానిటోరియంకు ఇప్పుడు రెండవ ప్రయోజనం ఏర్పడింది: రోగిని బాగుచేయడం ఒకటి, ఇతరులనుండి వేరుచేయడం మరొకటి. జర్మనీలో కార్మికుల బీమా సంస్థలు, ఇంగ్లండులో 1911 నాటి జాతీయ బీమా చట్టం పేదవారికి కూడ శానిటోరియం ద్వారాలు తెరిచాయి. ఇంగ్లండులో 1905లో ప్రారంభమైన ఫ్రిమ్లీ శానిటోరియంలో మార్కస్ పాటర్సన్ రోగులకు బుట్టలు మోయడం మొదలుకొని పారతో తవ్వడం వరకు మెట్టుమెట్టుగా పని పెంచే పద్ధతి ప్రవేశపెట్టాడు. పడుకొనడం వైద్యమా, పని చేయడం వైద్యమా అన్న వాదం ఇట్లా దశాబ్దాలపాటు సాగింది. ఇటలీ వైద్యుడు ఫోర్లానీనీ చూపిన మార్గంలో, ఛాతీ గోడకూ ఊపిరితిత్తికీ నడుమ సూదితో గాలి నింపి, రోగం ఉన్న ఊపిరితిత్తిని కుదించి విశ్రాంతి ఇచ్చే ప్రక్రియ వచ్చింది. కొందరికి పక్కటెముకలను కోసి తొలగించే భయంకరమైన శస్త్రచికిత్స కూడ చేశారు. 1895లో రాంట్‌జన్ కనుగొన్న ఎక్స్ కిరణాలు రోగం ఎంతవరకు పాకిందో చూపించాయి. చూడగలిగారు; మాన్పగలిగినది మాత్రం తక్కువ.

శానిటోరియంలనుండి ఆరోగ్యంతో ఇల్లు చేరినవారు ఉన్నారు. అయితే రోగం ముదరని వారినే ఏరి చేర్చుకొనడం చాలా చోట్ల నియమంగా ఉండేది. వారిలో కొందరు ఎక్కడున్నా కోలుకొనేవారే. పేదవాడు బాగుపడి వెళ్ళినా, మళ్ళీ అదే ఇరుకు ఇల్లు, అదే అరకొర తిండి, అదే చాకిరీ, రోగం తిరగబెట్టేది. శానిటోరియం వల్లనే ఇంతమంది బాగయ్యారని నిక్కచ్చిగా తేల్చే కొలత ఆనాడు లేదు. ఆ కొలత కోసం లోకం 1950వ దశకం దాకా, మద్రాసు నగరం దాకా ఆగవలసివచ్చింది.

భారతదేశంలో

మన దేశంలో తొలి శానిటోరియంలను నెలకొల్పినవారు క్రైస్తవ మిషనరీలు. 1906లో అజ్మీరు సమీపాన తిలౌనియాలోనూ, 1908లో హిమాలయ ప్రాంతపు ఆల్మోరాలోనూ ఇవి ఆరంభమయ్యాయి. 1912లో నైనీతాల్ దగ్గర భొవాలీలో ఏడవ ఎడ్వర్డ్ చక్రవర్తి పేరిట మరొకటి వెలసింది. కమలా నెహ్రూ 1935లో ఐరోపా వెళ్ళేముందు ఈ భొవాలీలోనే చికిత్స పొందింది. అప్పుడు చెరసాలలో ఉన్న జవహర్‌లాల్ నెహ్రూను ఆమెకు దగ్గరగా ఉండేటట్లు ఆల్మోరా జైలుకు మార్చారు. జర్మనీలోని బాడెన్‌వైలర్ శానిటోరియం, ఆ పిమ్మట స్విట్జర్లాండులోని లొసాన్ నగరం, ఇన్ని చోట్ల వైద్యం జరిగినా 1936 ఫిబ్రవరి 28న ఆమె కన్నుమూసింది. ధనం, పలుకుబడి, కొండగాలి అన్నీ ఉన్నవారికే రక్షణ లేని రోగంలో సామాన్యుడి గతి ఏమిటో ఊహించవచ్చు.

గణితమేధావి శ్రీనివాస రామానుజన్ ఇంగ్లండులో 1917లో జబ్బుపడినప్పుడు వైద్యులు క్షయగా భావించి ఆయనను శానిటోరియంలలో ఉంచారు. వాటిలో మెండిప్ హిల్స్ శానిటోరియంను నడిపినవాడు మన దేశస్థుడే, డాక్టర్ చౌరీ ముత్తు. ఆరుబయలు చలి, తన ఆచారానికి సరిపడని భోజనం రామానుజన్‌ను బాధించాయి. ఆయనది అసలు క్షయే కాదనీ, కాలేయానికి సోకిన అమీబా వ్యాధి అయి ఉండవచ్చుననీ తరువాతి కాలంలో వైద్యులు అభిప్రాయపడ్డారు. స్వదేశం తిరిగివచ్చిన రామానుజన్ 1920లో మద్రాసులో మరణించాడు. చౌరీ ముత్తు 1928లో మద్రాసు శివారులోని తాంబరంలో శానిటోరియం ప్రారంభించాడు. 1937లో ప్రభుత్వం దానిని స్వీకరించింది. నేటికీ అక్కడి రైల్వే స్టేషను పేరు తాంబరం శానిటోరియం.

తెలుగునాట ఈ చరిత్రకు ముఖ్య కేంద్రం నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె. దక్షిణ భారతంలో పనిచేస్తున్న పలు క్రైస్తవ మిషన్లు కలిసికట్టుగా పూనుకొని, సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైబడిన ఆ మెట్ట ప్రాంతంలో 1915లో యూనియన్ మిషన్ క్షయ శానిటోరియంను నడపనారంభించాయి. డెన్మార్కు దేశీయుడు డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమొట్ మోలర్ దానికి తొలి అధిపతి. ఆ ప్రదేశానికి ఆరోగ్యవరం అని పేరు పెట్టారు. పేరు పెట్టినవారికి తెలుగు నుడి తెలుసునని చెప్పాలి. వరం అంటే దేవుడిచ్చిన కానుక. మన ఊళ్ళ పేర్ల చివర అన్నవరం, గన్నవరం అని వచ్చే ప్రత్యయం కూడ అదే. ఊరు, వరం రెండూ ఒక్క పదంలో కుదిరాయి. దక్షిణాదిలోని అన్ని ప్రాంతాలనుండీ రోగులు ఇక్కడికి వచ్చారు. వైద్యులు ఇక్కడ క్షయ చికిత్సలో శిక్షణ పొందారు. ఇక్కడ పనిచేసిన డాక్టర్ పి.వి. బెంజమిన్ స్వతంత్ర భారత ప్రభుత్వానికి క్షయవ్యాధి విషయంలో సలహాదారు అయ్యాడు. మన దేశంలో బి.సి.జి. టీకాలు వేయడం 1948లో ఆరంభమైనది ఇక్కడే. నిజాం రాజ్యంలో వికారాబాదు సమీపాన అనంతగిరి కొండలపై వెలసిన శానిటోరియం కూడ ఇదే కోవకు చెందినది. అడవి, ఎత్తు, చల్లగాలి, ఊరికి దూరం. బ్రేమర్ చెప్పిన సూత్రాలు తొంభై ఏళ్ళ తరువాత కూడ అట్లాగే నడిచాయి.

లెక్క కుదరలేదు

ఇట్లా చెప్పుకుంటూ పోతే శానిటోరియంలు చాలానే ఉన్నట్లు తోస్తుంది. కాని 1946లో భోర్ కమిటీ తన నివేదికలో వేసిన లెక్క చూడండి. దేశంలో క్షయరోగులు సుమారు 25 లక్షల మంది. ఏటా మరణించేవారు 5 లక్షల మంది. వారందరికీ ఉన్న పడకలు ఇంచుమించు 6 వేలు. అంటే ఒక్కొక్క పడకకు నాలుగు వందలమందికి పైగా రోగులు. ఒక్కొక్కరిని ఒక్క సంవత్సరంపాటు ఉంచినా, ఆనాటికి ఉన్న రోగులు మాత్రమే ఆ పడకలపై ఒకసారి పడుకొని లేవడానికి నాలుగు శతాబ్దాలు పట్టేది.

ఇంటిని పోషించేవాడు ఏడాది, రెండేళ్ళు కొండమీద పడుకుంటే కింద ఇంట్లో పొయ్యి వెలిగేది ఎట్లా? పసిపిల్లల తల్లి శానిటోరియంకు పోతే పిల్లలను చూసేది ఎవరు? శానిటోరియంకు పంపడమంటే ఇంటిల్లిపాదికీ రోగముద్ర పడడమే. ఆ ఇంటి ఆడపిల్లకు సంబంధం రాదు. ఆ ఇంట నీళ్ళు తాగడానికి చుట్టుపక్కలవారు సంకోచిస్తారు. ఊరికి దూరంగా గోడ కట్టి రోగిని అక్కడ ఉంచిన పద్ధతి ఆ జంకును పోగొట్టకపోగా ఎంతో కొంత పెంచింది. ఇది శానిటోరియం చరిత్రలో దాచవలసిన విషయం కాదు.

మందు వచ్చింది

1943లో అమెరికాలో సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ మట్టిలోని ఒక సూక్ష్మజీవినుండి స్ట్రెప్టోమైసిన్‌ను వేరుచేశాడు. క్షయ క్రిములను చంపే తొలి శక్తిమంతమైన మందు అదే. దాదాపు అదే కాలంలో స్వీడన్ నుండి పి.ఏ.ఎస్. వచ్చింది. 1952లో ఐసోనియాజిడ్ రంగప్రవేశం చేసింది. ఈ ఐసోనియాజిడ్ కథ ఆశ్చర్యకరం. ప్రాగ్ నగరంలో ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు దీనిని 1912లోనే తయారుచేశారు. కాని అది క్షయను మాన్పగలదని ఎవరికీ తెలియలేదు. భొవాలీ శానిటోరియం తలుపులు తెరిచిన సంవత్సరంలోనే పుట్టిన మందు, నలభై సంవత్సరాలు అనామకంగా పడి ఉంది. ఆ నలభై ఏళ్ళలో కొండలమీద కుర్చీలలో పడుకొని ప్రాణాలు విడిచినవారిని తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

ఈ మందులలో ఏ ఒక్కదానినీ ఒంటరిగా వాడకూడదని, వాడితే క్రిములు దానికి లొంగకుండా తయారవుతాయని వైద్యులు త్వరలోనే గ్రహించారు. రెండు మూడు మందులు కలిపి, దీర్ఘకాలం, విడవకుండా వాడాలి. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఈ మందులు పని చేయడానికి శానిటోరియం అవసరమా?

మద్రాసు ఇచ్చిన తీర్పు

ఈ ప్రశ్నకు సమాధానం కోసం 1956లో మద్రాసులో క్షయ ఔషధ చికిత్సా కేంద్రం ఏర్పడింది. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి దీనిని స్థాపించాయి. దీనికి మార్గదర్శకుడు బ్రిటిష్ వైద్యుడు వాలెస్ ఫాక్స్. నగరంలోని పేదపేటలనుండి వచ్చిన రోగులను, రెండు వందలకు కొంచెం తక్కువ మందిని, చీటీ తీసినట్లుగా ఎవరి ఇష్టాయిష్టాలకూ తావులేకుండా రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గం శానిటోరియంలో ఉండాలి. రెండవ వర్గం తమ ఇళ్ళలోనే ఉండాలి. ఇరువురికీ ఐసోనియాజిడ్, పి.ఏ.ఎస్. మందులే, ఒక సంవత్సరంపాటు.

ఇరువర్గాల పరిస్థితులలో ఉన్న అంతరం ఊహించండి. శానిటోరియంలోని వారికి పడక, విశ్రాంతి, గాలి, వెలుతురు, మంచి భోజనం, దాదుల సేవ ఉన్నాయి. ఇంటిలోని వారికి ఇరుకు గది, పదిమంది కుటుంబసభ్యులు, చాలీచాలని తిండి. వారిలో చాలామంది పనిపాటలు మానుకోలేనివారు. నూరు సంవత్సరాల వైద్యశాస్త్రం చెప్పినదే నిజమైతే ఇంటివర్గం చిత్తుగా ఓడిపోవాలి.

1959లో ఫలితాలు వెలువడ్డాయి. సంవత్సరాంతానికి రోగం అణిగినవారు శానిటోరియం వర్గంలో నూటికి 92 మంది. ఇంటివర్గంలో నూటికి 86 మంది. ఆ కొద్దిపాటి తేడా పెద్దగా లెక్కలోకి రాదని పరిశోధకులు తేల్చారు. తరువాత ఐదేళ్ళు వెంటాడి చూసినా, రోగం తిరగబెట్టడంలో ఇంటివర్గం వెనుకబడలేదు. ఇంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి. ఇంట్లోనే ఉంచి వైద్యం చేసిన రోగుల కుటుంబాలలో కొత్తగా రోగం వచ్చినవారు, శానిటోరియంకు పంపిన రోగుల కుటుంబాలలోకంటె ఎక్కువగా లేరు. అంటుకొనేది చాలావరకు రోగం బయటపడకముందే అంటుకుంటుంది. మందు పడిన తరువాత రోగి ఇతరులకు ప్రమాదకారి కావడం త్వరగా తగ్గిపోతుంది. ఇక గోడ ఎవరికోసం?

శానిటోరియం వర్గం వారు ఇంటివర్గం వారికంటె ఎక్కువ బరువు పెరిగారు. కాని క్రిములను చంపే పనిలో గెలిచినది మందు. ఈ ఒక్క అధ్యయనం ప్రపంచ దేశాల క్షయ చికిత్సా విధానాన్నే మార్చివేసింది. సంపన్న దేశాలు పేద దేశాలకు పాఠాలు చెప్పడమే ఆచారమైన కాలంలో, ఒక భారతీయ నగరపు పేదపేటలు ప్రపంచానికి పాఠం చెప్పాయి. 1959లోనే బెంగుళూరులో జాతీయ క్షయ సంస్థ వెలిసింది. 1962లో జాతీయ క్షయ నివారణ కార్యక్రమం జిల్లా కేంద్రాల ద్వారా ఇంటి వైద్యాన్ని దేశమంతటికీ తీసుకువెళ్ళింది. బెంగుళూరు సంస్థవారు 1963లో ప్రకటించిన ఒక పరిశీలన ఇంకొక సత్యాన్ని బయటపెట్టింది: పల్లెలలోని క్షయరోగులలో సగానికి పైగా, ఎవరూ పిలవకముందే, తమంతట తామే వైద్యం కోసం వెళ్ళినవారు. వారికి దొరికింది దగ్గు మందు సీసా. రోగికి తెలివి లేదనే మాట మనం ఇక అనకూడదు.

మిగిలినది

శానిటోరియంలు ఒకటొకటిగా రూపుమార్చుకున్నాయి. ట్రూడో సంస్థ 1954లో మూతపడింది. దావోస్‌లో 1900లో తెరిచిన షాట్జాల్ప్ శానిటోరియం హోటలుగా మారింది. తాంబరం చికిత్సాలయం తరువాతి కాలంలో ఎవరూ చేరదీయని ఎయిడ్స్ రోగులకు ఆశ్రయమిచ్చింది. మన ఆరోగ్యవరం అన్ని వ్యాధులకూ వైద్యం చేసే ఆసుపత్రిగా కొనసాగుతోంది.

ఐతే శానిటోరియం చెప్పినదంతా అబద్ధమేనా? కాదు. అది ఆహారం గురించి చెప్పిన మాటకు మన కాలంలో మళ్ళీ విలువ వచ్చింది. జార్ఖండ్ రాష్ట్రంలో క్షయరోగుల కుటుంబాలకు బియ్యం, పప్పు మొదలైన దినుసులు ఇచ్చి చూసిన ఒక అధ్యయనం 2023లో వెలువడింది. తిండి అందిన కుటుంబాలలో కొత్తగా క్షయ రావడం నూటికి 39 వంతులు తగ్గింది. వచ్చిన రోగాన్ని మాన్పేది మందు. రాబోయే రోగాన్ని ఆపే శక్తి అన్నంలో ఉంది. ఆ అన్నం కొండమీది శానిటోరియం గోడల మధ్య కొద్దిమందికే అందింది. అది ఇప్పుడు ఇంటింటికీ చేరవలసి ఉంది. క్షయరోగులకు పోషకాహారం కోసం 2018లో కేంద్రప్రభుత్వం నెలకు 500 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టి, 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలకు పెంచడం ఈ దిశలో ఒక అడుగు.

శానిటోరియం ఇచ్చిన మరొక వస్తువు కాలం. రోగికి ఎవరో ఒకరు నెలల తరబడి తోడుగా ఉండి, మందూ మాకూ వేళకు అందేటట్లు చూసేవారు. వైద్యం ఇంటికి వచ్చినప్పుడు ఆ బాధ్యత కూడ ఇంటివారి మీదికి వచ్చింది. ఒక సంవత్సరం పట్టే చికిత్స నేడు ఆరు నెలలకు తగ్గింది. కాని రెండు నెలలకే దగ్గు తగ్గి, ఒళ్ళు తేలికపడి, నయమైపోయిందనుకొని మందు మానినవాడు మొండి క్షయను కొనితెచ్చుకుంటున్నాడు. 2023లో ప్రపంచంలో 1 కోటి 8 లక్షల మందికి క్షయ వచ్చిందనీ, 12 లక్షల 50 వేల మంది మరణించారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. రోగులలో నూటికి 26 మంది మన దేశీయులే. మందు ఉన్న రోగంతో ఇంతమంది చనిపోవడం సిగ్గుపడవలసిన విషయం.

విద్యార్థి మిత్రులారా! హాజరుపట్టీలో వరుసగా గైర్హాజరు పడుతున్న పేరు వెనుక ఈ రోగం ఉండవచ్చునన్న సంగతి అధ్యాపకునికి చాలా ఆలస్యంగా తెలుస్తుంది. ఊరు వెళ్ళాడనీ, పెళ్ళిపనుల్లో ఉన్నదనీ ఇంటివారు చెబుతారు. దాచడానికి కారణం పాత భయం. ఆ భయం కొండమీది గోడల కాలానిది. ఇప్పుడు కొండ లేదు, గోడ లేదు. మన మనసులలో కట్టుకున్న గోడ మాత్రం నిలిచి ఉంది. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష ఉచితం, మందులూ ఉచితం. చికిత్సలో ఉన్న మిత్రుని పక్క బెంచీ ఖాళీగా ఉంచకండి. సరైన మందు మొదలైన కొద్ది వారాలలోనే అతని వల్ల మీకు కలిగే ప్రమాదం దాదాపు తొలగిపోతుంది. మీరు దూరం జరగడం వల్ల అతనికి కలిగే ప్రమాదం మాత్రం పెరుగుతుంది, ఎందుకంటే రోగం దాచినవాడు మందునూ దాచి మానుకుంటాడు.

క్షీణించిన చంద్రుడు మళ్ళీ పెరుగుతాడని మన పూర్వులు కథ చెప్పారు. మనిషి కూడ మళ్ళీ పెరగగలడని మద్రాసు పేదపేటల ఇళ్ళు నిరూపించాయి. ఒకనాడు కొండమీద, ఊరికి దూరంగా ఒకచోట మాత్రమే ఉన్న ఆరోగ్యవరాన్ని ప్రతి ఇంటి గడపలోకీ తెచ్చుకొనడం ఇప్పుడు మన చేతిలో ఉన్న పని.